చల్లటి ఇంజన్ దగ్గర బేరం

పాత డీజిల్ బండి కొనబోయేవాడు ముందు చెయ్యి వేయాల్సింది బానెట్ మీద. రంగు, టైర్లు, తొట్టి అన్నీ ఆ తర్వాతే. బానెట్ వెచ్చగా తగిలిందంటే, మనం రాకముందే ఎవరో బండి స్టార్ట్ చేసి కాసేపు తిప్పి పెట్టారన్నమాట. "మీరొస్తున్నారని బయటికి తీసి పెట్టానన్నా" అంటాడు అమ్మేవాడు. నిజమే అయ్యుండొచ్చు. అయినా ఆ పూటకి బండి చుట్టూ ఒకసారి తిరిగి, నాలుగు మంచి మాటలు చెప్పి వచ్చేయడం మేలు. మర్నాడు తెల్లారగట్ల వెళ్ళాలి, ఈసారి ఫోన్ చేయకుండా.

చాదస్తంలా కనిపించే ఈ జాగ్రత్తకి కారణం ఉష్ణగతిక శాస్త్రంలో ఉంది. పెట్రోల్ ఇంజన్‌లో మంట అంటించడానికి స్పార్క్ ప్లగ్ ఉంటుంది. డీజిల్ ఇంజన్‌కి అది లేదు. గాలిని గట్టిగా నొక్కితే వేడెక్కుతుంది, ఆ వేడిలోకి ఇంధనాన్ని చిమ్మితే తనంతట తానే అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ 1892లో పేటెంటుకి రాసుకున్న ఊహ ఇదే. జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో ఆయన ఇంజన్ సరిగ్గా పనిచేసి చూపించేసరికి 1897 వచ్చింది. ఇంధనంలోని శక్తిలో నాలుగో వంతుకి కాస్త ఎక్కువే అది పనిగా మార్చింది. ఆనాటి ఆవిరి యంత్రాలకి అది అందని సంగతి.

మన ఊళ్ళలో బాగా కనిపించే బండినే లెక్కకి తీసుకుందాం. మహీంద్రా బొలెరో పికప్‌లో ఏళ్ల తరబడి వచ్చింది నాలుగు సిలిండర్ల, 2,523 సీసీ ఇంజన్. అంటే పిస్టన్ ఒక్కోసారి కిందికి దిగినప్పుడు 630 సీసీలకి పైగా గాలి లోపలికొస్తుంది. నొక్కుడు నిష్పత్తి 18 అనుకుంటే, పిస్టన్ పైకొచ్చేసరికి ఆ గాలంతా 37 సీసీల చోటులో ఇరుక్కోవాలి. బయట 30 డిగ్రీలున్న గాలి, వేడి ఎటూ పోకుండా ఉంటే, ఆ నొక్కుడుకి దాదాపు 690 డిగ్రీలకి చేరుతుంది. డీజిల్ అంటుకోవడానికి సుమారు 250 డిగ్రీలు చాలు. కాగితం మీద చూస్తే బోలెడంత మిగులు.

ఆ మిగులుని తినేసేవి రెండు. చల్లటి ఇనుము గాలిలోని వేడిని పీల్చుకుంటుంది. అరిగిన పిస్టన్ రింగుల పక్కనుంచి, సరిగా కూర్చోని వాల్వుల సందుల్లోంచి గాలి జారిపోతుంది. బ్యాటరీ నీరసంగా ఉండి సెల్ఫ్ మెల్లగా తిప్పితే ఈ రెంటికీ కావలసినంత సమయం దొరుకుతుంది. ఒకసారి ఇంజన్ కాగాక గోడలు వేడిగా ఉంటాయి, లోహం వ్యాకోచించి సందులు కొంత పూడుకుంటాయి, అప్పుడు ఎంత అరిగిన ఇంజనైనా బుద్ధిమంతుడిలా స్టార్టవుతుంది. అందుకే తెల్లవారుజాము. రాత్రంతా ఆగిన బండి సెల్ఫ్ కొట్టగానే రెండు మూడు తిప్పుళ్ళలో అందుకుంటే లోపల గాలి నిలుస్తోందని అర్థం. మళ్ళీ మళ్ళీ సెల్ఫ్ కొట్టి, యాక్సిలరేటర్ తొక్కి, తెల్లటి పొగతో దగ్గుతూ లేచిందంటే హీటర్ ప్లగ్గులో, నాజిల్సో, బ్యాటరీయో, లేదా అన్నిటికన్నా ఖరీదైన రింగులో, ఏదో ఒకటి అడుగుతోంది.

స్టార్టయిన మొదటి నిమిషంలో సైలెన్సర్ వెనక ఒకరు నిలబడాలి. నల్లపొగ అంటే గాలి చాలక, లేదా డీజిల్ ఎక్కువై, కార్బన్ కాలకుండా మసిగా వస్తోందని. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా వస్తుంది, నాజిల్ కారుతున్నా వస్తుంది, టర్బో గాలి సరిగా తోయకపోయినా వస్తుంది. మొదటిది వందల్లో పోయే ఖర్చు, మిగతావి వేలల్లో. నీలిపొగ అంటే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. మెకానిక్కుల భాషలో బండి "ఆయిల్ తాగుతోంది". తెల్లపొగ దగ్గరే జాగ్రత్తగా వాసన చూడాలి. కళ్ళు మండించే పచ్చి డీజిల్ వాసనైతే చలికి కాలని ఇంధనం, ఇంజన్ కాగాక పోవచ్చు. కాగాక కూడా దట్టంగా వస్తూ, కాస్త తీపి వాసన తగిలితే కూలెంట్ సిలిండర్లోకి దిగుతోంది, గ్యాస్కెట్ పోయింది. చాలామంది రేడియేటర్లో బోరు నీళ్ళే పోస్తారు కాబట్టి ఆ తీపి వాసన రాకపోవచ్చు. అప్పుడు చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి, తుప్పు రంగు నీళ్ళూ సున్నపు పెచ్చులూ నూనె తెట్టూ ఉన్నాయేమో చూడాలి. కాగిన ఇంజన్ మీద ఆ మూత జోలికి పోకూడదు.

2020 ఏప్రిల్ నుంచి అమ్మిన బీఎస్-6 బండ్లలో ఈ పొగ జ్యోతిషం అంతగా పనిచేయదు. మసిని పట్టి ఉంచే ఫిల్టర్ అడ్డం ఉంటుంది. దానికీ ఒక చిట్కా ఉంది. సైలెన్సర్ గొట్టం చల్లగా ఉన్నప్పుడు లోపలికి వేలు పెట్టి తుడవండి. ఫిల్టర్ బాగుంటే వేలికి మసి పెద్దగా అంటదు. కాటుకలా అంటిందంటే అది పగిలిపోయిందో, మూసుకుపోతే బాగుచేయించే ఓపిక లేక ఎవరో పీకించేశారో అయ్యుంటుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పరీక్షకి పైసా ఖర్చు లేదు. ఇంజన్ స్లోలో తిరుగుతుండగా ఆయిల్ పోసే మూత విప్పండి. దాన్ని తిరగేసి అదే కన్నం మీద ఊరికే ఆనించి చెయ్యి తీసేయండి. మంచి ఇంజన్ మీద మూత కొంచెం వణుకుతుంది, సన్నగా ఆవిరి కనిపిస్తుంది, అంతే. రింగులు అరిగిన ఇంజన్ మీద మూత ఎగిరెగిరి పడుతుంది, పక్కకి దొర్లి కిందపడుతుంది, కన్నంలోంచి గుప్పు గుప్పుమని లయగా పొగ వస్తుంది. ఆ లయ పిస్టన్లది. మంట పుట్టినప్పటి పీడనంలో కొంత పిస్టన్‌ని కిందికి నెట్టకుండా రింగుల పక్కనుంచి జారి, కింద ఆయిల్ ఉండే గదిలోకి వస్తోంది. లోపలి రహస్యం బయటపడే దారి అదొక్కటే కాదు. బ్రీదర్ పైపు ఎక్కడికి పోతోందో కూడా చూడాలి. కంపెనీ బిగించిన చోటునుంచి పీకి నేలవైపు వదిలేసి ఉంటే, ఆ ఇంజన్ చాలాకాలంగా ఇలా ఊపిరి వదులుతోందనుకోవచ్చు.

ఆయిల్ గేజి తీసి నల్లగా ఉందని బెదిరిపోయేవాళ్ళున్నారు. డీజిల్ ఇంజన్‌లో ఆయిల్ నల్లబడటం దాని ధర్మం. మసి ఒకచోట గడ్డకట్టకుండా పట్టుకుని తిరగడానికే అందులో రసాయనాలు కలుపుతారు. కొత్తగా మార్చిన ఆయిల్ కూడా కొద్ది రోజుల్లోనే నల్లబడుతుంది. నాకైతే అమ్మకానికి పెట్టిన బండిలో బంగారు రంగు ఆయిల్ కనిపిస్తేనే అనుమానం. చిక్కటి ఆయిల్ పోస్తే అరిగిన బేరింగుల చప్పుడు మెత్తబడుతుంది, పొగ కూడా కొంత తగ్గుతుంది. దానికి విరుగుడు స్నిగ్ధత సూత్రమే. ఏ ఆయిలైనా వేడెక్కేకొద్దీ పల్చబడుతుంది. అరగంట సేపు లోడుతోనో, ఏదైనా ఎత్తు మీదో నడిపి తీసుకొచ్చి, మళ్ళీ స్లోలో పెట్టి డాష్‌బోర్డు చూడండి. ఆయిల్ దీపం మిణుకుమిణుకుమంటోందంటే పల్చబడ్డ ఆయిల్ వదులైన బేరింగుల సందుల్లోంచి కారిపోతోంది, పీడనం నిలవడం లేదు. పొద్దున చల్లటి ఇంజన్ రింగుల సంగతి చెబుతుంది, మధ్యాహ్నం కాగిన ఇంజన్ బేరింగుల సంగతి చెబుతుంది. రెండూ చూడకుండా బేరానికి కూర్చోవడం అనవసరం.

ఇంత తతంగం ఎందుకు, అమ్మేవాణ్ణి అడిగితే పోదా అనిపించవచ్చు. ఎందుకు పోదో 1970లో జార్జ్ ఎకర్లాఫ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త ఒక చిన్న వ్యాసంలో రాశాడు. దాన్ని 1967లో మొదటి పత్రికకి పంపించి ఆయన ఏడాది పాటు ఇండియాకి వచ్చాడు. వరసగా మూడు పత్రికలు తిప్పికొట్టాయి, నాలుగోది వేసుకుంది. వ్యాసంలో ఆయన పట్టుకున్న ఉదాహరణ పాత కార్ల బజారే. మన లెక్కలో చెప్పుకుందాం. మంచి పికప్ విలువ ఐదు లక్షలు, లోపలి జబ్బులున్నది మూడు లక్షలు అనుకోండి. ఏది ఏదో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. తెలియనివాడు మధ్యస్థంగా నాలుగు పెడతాడు. నాలుగుకి మంచి బండివాడు అమ్మడు, ఇంటికి తీసుకుపోతాడు. జబ్బు బండివాడు సంతోషంగా ఇచ్చేస్తాడు. బజార్లో మంచివి తగ్గేకొద్దీ కొనేవాళ్ళు ఇచ్చే ధర ఇంకా పడిపోతుంది, దాంతో మరికొన్ని మంచి బండ్లు తప్పుకుంటాయి. ఎవరూ ప్రత్యేకంగా అబద్ధం ఆడక్కర్లేదు, తెలియకపోవడం ఒక్కటే బజారుని చెడగొట్టగలదు. 2001లో ఎకర్లాఫ్‌కి నోబెల్ వచ్చింది, మైకేల్ స్పెన్స్, జోసెఫ్ స్టిగ్లిట్జ్‌లతో కలిసి.

అంటే బానెట్ మీద చెయ్యి వేయడం, ఆయిల్ మూత తిరగేయడం బేరానికి ముందు చేసే పనులు కావు. బేరమంటే అవే. ఒకడికే తెలిసినదాన్ని ఇద్దరికీ తెలిసేలా చేసిన ప్రతి పరీక్షా ధరని కదిలిస్తుంది. మంచి బండి అమ్మేవాడికి కూడా ఇది లాభమే, ఎందుకంటే పరీక్ష లేకపోతే అతని బండికి జబ్బు బండి ధర కలిపి కడతాం.

ఇంజన్ అంత మాట్లాడుతుంది గానీ, పికప్‌లో ప్రాణం పోయేది చాలాసార్లు కిందనుంచే. మదనపల్లె టమాటా మండీకి తిరిగిన బండికీ, భీమవరం చుట్టుపక్కల రొయ్యలు మోసిన బండికీ ఇంజన్ ఒకటే, కిలోమీటర్లు ఒకటే అయినా ఛాసిస్‌లు ఒకటి కావు. రొయ్యల ట్రేల్లో ఐసు కరిగి, చెరువు ఉప్పునీళ్ళతో కలిసి, తొట్టి షీటు సందుల్లోంచి ఏళ్ల తరబడి బొట్లు బొట్లుగా ఛాసిస్ మీదకి దిగుతుంది. ఉప్పు కలిసిన నీరు విద్యుత్తుని బాగా ప్రవహింపజేస్తుంది. తుప్పు పట్టడమంటే ఇనుము ఉపరితలం మీద ఒకచోటునుంచి ఇంకోచోటుకి ఎలక్ట్రాన్లు పారే చిన్న బ్యాటరీ లాంటి చర్య కాబట్టి, ఉప్పు దాన్ని ఉరకలెత్తిస్తుంది. పుట్టిన తుప్పు తిన్న ఇనుము కన్నా ఎక్కువ చోటు అడుగుతుంది, పెయింట్‌ని బొబ్బల్లా లేపుతుంది. బండి కిందికి దూరి చిన్న సుత్తితో ఛాసిస్ పొడవునా తట్టుకుంటూ పోవాలి. మంచి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది. ఛాసిస్ మొత్తానికి తాజాగా నల్లరంగు వేయించి ఉంటే ఆ శ్రద్ధకి మురిసిపోకుండా ఇంకాస్త గట్టిగా తట్టాలి.

టమాటా బండి జబ్బు వేరు. దానిది బరువు. "కమాన్ కట్టకి రెండు పట్టీలు ఎక్కువ వేయించానన్నా, ఎంత లోడైనా లాగేస్తది" అని యజమాని గొప్పగా చెబుతాడు. ఆయన తెలియకుండానే నేరం ఒప్పుకున్నాడు. పట్టీలు పెంచితే స్ప్రింగు బలపడుతుంది గానీ ఛాసిస్, యాక్సిల్, హౌసింగ్, బ్రేకులు కంపెనీ చేసినవే. లోహం ఒక్కసారి పడే పెద్ద బరువుకి విరగకపోయినా, అంతకంటే చాలా తక్కువ బరువు లక్షల సార్లు పడితే విరుగుతుందని ఆగస్ట్ వోలర్ అనే జర్మన్ ఇంజనీర్ పంతొమ్మిదో శతాబ్దం మధ్యలోనే రైలు ఇరుసుల మీద ప్రయోగాలు చేసి చూపించాడు. లోడు కాస్త పెరిగితే ఆయుష్షు కాస్త తగ్గడంతో ఆగదు, చాలా ఎక్కువ తగ్గుతుంది. పగులు మొదలయ్యేది కమాన్ కట్ట హ్యాంగర్ దగ్గర, బోల్టు కన్నాల అంచుల్లో, పాత వెల్డింగు పక్కన. టార్చి వేసి వెంట్రుకంత గీత కోసం వెతకాల్సింది అక్కడే.

మిగతావి త్వరగా తేలిపోతాయి. టైరు పక్కన చివర ఉండే నాలుగంకెలు అది తయారైన వారం, సంవత్సరం చెబుతాయి: 2319 అంటే 2019లో 23వ వారం. ముందు టైర్లు ఒకవైపే అరిగితే అలైన్‌మెంటో, అంతకన్నా పెద్దదో. క్లచ్ కోసం హ్యాండ్ బ్రేక్ వేసి, మూడో గేరులో మెల్లగా క్లచ్ వదలండి: ఇంజన్ ఆగిపోవాలి, ఆగకుండా తిరుగుతుంటే ప్లేటు జారుతోంది. మీటరు మీద కిలోమీటర్లకి పెద్ద విలువ ఇవ్వను. రోజుకి 100 చొప్పున ఏడాదిలో 300 రోజులు తిరిగినా 30,000 అవుతుంది. ఆరేళ్ల మండీ బండి 58,000 చూపిస్తుంటే రోజుకి 32 మాత్రమే తిరిగినట్టు. పెడళ్ల రబ్బరు నున్నగా అరిగిపోయి, సీటు కుంగిపోయి ఉంటే ఏది నమ్మాలో చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ధర మాట. "ఐదు ఇరవై, ఫైనల్" అనేసరికి మన మనసులోని లెక్క కదిలిపోతుంది. 1974లో ఆమోస్ ట్వర్‌స్కీ, డేనియల్ కానెమన్ రాసిన వ్యాసంలో ఒక ప్రయోగం ఉంది. అంకెలున్న చక్రం తిప్పి, ఐక్యరాజ్య సమితిలో ఆఫ్రికా దేశాల శాతం ఎంతో ఊహించమన్నారు. చక్రం 10 దగ్గర ఆగినవాళ్ళు మధ్యస్థంగా 25 అన్నారు, 65 దగ్గర ఆగినవాళ్ళు 45 అన్నారు. చక్రానికీ ప్రశ్నకీ ఏ సంబంధమూ లేదు, అయినా మొదట విన్న అంకె మనసుని తనవైపు లాక్కుంది. మన పశువుల సంతల్లో తువ్వాలు కింద చేతులు పెట్టి వేళ్ళు నొక్కి ధర చెప్పుకునే పద్ధతి ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళకి అంకె వినపడకపోతే అది ఇంకో ఎద్దు బేరానికి అంటుకోదు. బండి బేరంలో ఆ తువ్వాలు లేదు కాబట్టి, మన అంకెని మనమే ముందు తయారు చేసుకుని వెళ్ళాలి. అదే మోడలు, అదే ఏడాదివి నాలుగైదు బండ్ల ధరలు కనుక్కుని, కాగితం మీద రాసుకుని.

ఆ కాగితం మీదే కనిపించిన లోపాలు రూపాయల్లోకి మారాలి. ఖాయమైనవి పూర్తిగా తీసేయాలి: క్లచ్ ప్లేటు, రెండు టైర్లు, నెలలో అయిపోయే ఇన్సూరెన్సు. అనుమానాలు వాటి అవకాశం మేరకే తీయాలి. ఇంజన్ విప్పాల్సి వస్తే 60,000 అవుతుందనీ, మూడింట ఒక వంతు అలా అయ్యే అవకాశం ఉందనీ మన మెకానిక్ అంటే, ఆ అనుమానం విలువ 20,000. ఇక్కడే చాలామంది గట్టిగా తగువు పెట్టుకుంటారు. అమ్మేవాడు "ఇంజన్‌కి ఏం కాదన్నా, కళ్ళు మూసుకుని తీసుకో" అంటాడు, కొనేవాడు నమ్మడు. దీనికి తగువు కన్నా చవకైన దారి ఉంది. కామన్ రైల్ ఇంజన్ అయితే నాలుగు నాజిల్స్ వెనక్కి వదిలే డీజిల్‌ని నాలుగు సీసాల్లో పట్టించి చూడొచ్చు. ఒకటి నిండి మిగతావి సగం ఉంటే దొంగ దొరికినట్టే. సిలిండర్ కంప్రెషన్ కొలిపించవచ్చు. విజయవాడ ఆటోనగర్‌లోనైనా, జిల్లా కేంద్రంలోని ఏ డీజిల్ పంపు షాపులోనైనా ఇవి రోజూ చేసే పనులే. ఆ పరీక్షకయ్యే ఖర్చు 20,000 ముందు లెక్కలోది కాదు.

పరీక్ష చేయిద్దామన్నప్పుడు అమ్మేవాడి ముఖం చూడాలి. "ఎక్కడికైనా తీసుకెళ్ళన్నా, నేనూ వస్తా" అన్నవాడు సగం సమాచారం ఇచ్చేశాడు. మంచి సరుకున్నవాడికి తేలికా, చెడ్డ సరుకున్నవాడికి కష్టమూ అయిన పని ఏదో అది సంకేతంగా పనిచేస్తుందని స్పెన్స్ చూపించాడు. తెలియనివాడు ఎదుటివాడి ముందు రెండు దారులు పెట్టి, ఏది ఎంచుకుంటాడో చూసి తెలుసుకోవచ్చని స్టిగ్లిట్జ్ అన్నాడు. అది ఇక్కడ ఇలా పనికొస్తుంది: "నాలుగు డెబ్భై ఇప్పుడే మొత్తం ఇస్తా. లేదా నాలుగు తొంభై, అందులో ముప్ఫై వేలు నెల తర్వాత, ఇంజన్‌కి ఏమీ రాకపోతే." తన బండి సంగతి తెలిసినవాడు ఏ దారి పట్టాడో చూస్తే, మనకి మూత పరీక్షలో తేలనిది కూడా కొంత తేలుతుంది. లోపాలన్నీ వరసగా ఏకరువు పెట్టి బండిని తిట్టడం మాత్రం పని చెడగొడుతుంది. ఐదారేళ్ళు ఆ బండి మీదే ఇల్లు నడిపినవాడికి అది నచ్చదు, బేరం పంతంలోకి దిగుతుంది.

కాగితాల్లో తప్పు జరిగితే ఏ మెకానిక్కూ బాగుచేయలేడు. ఆర్సీలో, ఛాసిస్ మీద, ఇంజన్ మీద నంబర్లు మూడూ కలవాలి. ఫైనాన్సు ఉందా లేదా ప్రభుత్వ వెబ్‌సైటు వాహన్‌లో తెలుస్తుంది. ఉంటే, తీరిందన్న మాట చాలదు, ఫైనాన్స్ కంపెనీ సంతకంతో ఫారం 35 కావాలి. ఫిట్‌నెస్ బండికి ఎనిమిదేళ్ళు వచ్చేదాకా రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏటా. కాబట్టి ఎనిమిదికి దగ్గరపడిన బండి ధరలో ఆ ఖర్చూ ఆ తిప్పటా కలపాలి. మొత్తం బరువు 3,000 కిలోలు దాటని గూడ్సు బండికి మోటారు వాహనాల చట్టం ప్రకారం పర్మిట్ అక్కర్లేదు, దాటితే కావాలి. పికప్‌లలో రెండు రకాలూ ఉన్నాయి, ఆర్సీ మీద చూసుకోవాలి. పక్క రాష్ట్రం బండైతే ఫారం 28 (ఎన్‌వోసీ) తోడవుతుంది.

అమ్మేవాడు 29, 30 ఫారాల మీద సంతకాలు పెట్టి తాళం ఇచ్చేసి, "ట్రాన్స్‌ఫర్ మెల్లగా చేయించుకో తమ్ముడూ" అంటే అతనికే ముప్పు. బండి చేతులు మారినా ఆర్సీలో పేరు మారకపోతే, ప్రమాదం జరిగినప్పుడు పరిహారానికి బాధ్యుడు ఆర్సీలో ఉన్నవాడేనని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో చెప్పింది. ఒకే రాష్ట్రంలోని బండైతే అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో రవాణా శాఖకి తెలియజేయాలని చట్టం. కాబట్టి పది వేలు అట్టిపెట్టుకుని, వాహన్‌లో పేరు మారి కనిపించిన రోజు ఇస్తానని స్టాంపు కాగితం మీద రాయమని కొనేవాడు అడిగితే అమ్మేవాడు కాదనక్కర్లేదు. తనే ఆర్టీవో ఆఫీసుకి వెంటపడి తీసుకెళ్తాడు.